చేతులతో విన్న పాటలు

1955. తెనాలిలో ఒక పెంకుటిల్లు. బుధవారం రాత్రి ఎనిమిదికి ఇంకా పది నిమిషాలుంది. అరుగు మీద చాప వేశారు, కూర్చోండి. గోడకి ఆనుకునే చోటు కావాలంటే ఇంకాస్త ముందే రావాల్సింది. చుట్టుపక్కల రేడియో ఉన్న ఇల్లు ఇదొక్కటే.

ఇంటాయన బల్ల మీది చెక్కపెట్టె మీద నుంచి అల్లికల గుడ్డ తీసి, మడతపెట్టి, పక్కన పెడతాడు. స్విచ్చి టక్కుమంటుంది. పాట రాదు. ముందు అద్దం వెనక బల్బు వెలుగుతుంది. మద్రాసు, కొలంబో, లండన్ అన్న పేర్లు పసుపు వెలుతుర్లో బయటపడతాయి. లోపల వాల్వులు వేడెక్కాలి. వాటి మీది దుమ్ము కాలుతున్న వాసన మీ ముక్కుకీ తగులుతుంది. కాసేపటికి పెట్టె గుయ్యిమంటుంది.

అసలు పని ఇప్పుడే మొదలు. గుండీని ఆయన బొటనవేలూ చూపుడువేలూ కలిపి వెంట్రుకవాసి జరుపుతున్నాయి. ఈల. ఏదో తెలియని భాషలో వార్తలు. టకటకమని తంతి చప్పుడు. మళ్లీ ఈల. పెట్టె నుదుట మ్యాజిక్ ఐ అనే ఆకుపచ్చ దీపం ఉంది. స్టేషను కుదిరేకొద్దీ అందులోని నీడ సన్నబడుతుంది.

"మావయ్యా, ఇంకాస్త ఎడమకి!"

"నోర్ముయ్‌రా, దగ్గరికొచ్చింది."

నీడ గీతంత అయింది. రేడియో సిలోన్. అమీన్ సయానీ ముందు అక్కచెల్లెళ్లనీ, తర్వాతే అన్నదమ్ముల్నీ పలకరించి బినాకా గీత్‌మాలా మొదలెట్టాడు. అరుగు మీద సగం మందికి హిందీ రాదు. అయినా పోయిన వారం కన్నా ఏ పాట పైకెక్కిందో, ఏది జారిందో అందరికీ పట్టింపే.

30 కిలోమీటర్ల దూరంలో విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1 నుంచీ పనిచేస్తుండగా సముద్రం అవతలి కొలంబో ఎందుకు? ఢిల్లీలో సమాచార మంత్రి బి.వి. కేస్కర్‌కి సినిమా పాటంటే గిట్టదు. శాస్త్రీయ సంగీతమే వినాలని ఆయన పట్టు. ఆల్ ఇండియా రేడియోలో సినిమా పాటకి చోటు కరువైంది. రెండో ప్రపంచయుద్ధంలో మిత్రరాజ్యాల సైన్యం కోసం నడిచిన బలమైన ట్రాన్స్‌మిటరు సిలోన్ చేతికొచ్చింది. ఇంకేముంది, జనం అటు తిప్పారు. కేస్కర్ జనానికి రాగాలు నేర్పాడో లేదో కానీ, షార్ట్‌వేవ్ పట్టుకోవడం మాత్రం బ్రహ్మాండంగా నేర్పాడు! 1957 అక్టోబరు 3న వివిధభారతి పుట్టిందంటే ఇలాంటి అరుగుల పుణ్యమే.

పాట మధ్యలో గొంతు సన్నగిల్లింది. షార్ట్‌వేవ్ తరంగం పైన అయనోఆవరణానికి తగిలి కిందికి దిగుతుంది. ఆ పొర కుదురుగా ఉండదు, గొంతూ ఉండదు. ఒక కుర్రాడు పెరట్లోకి పరుగెత్తి, రెండు వెదురు గడల మధ్య కట్టిన రాగి జాలీ ఏరియల్‌ని కదిపి చూస్తాడు. దానివల్ల వచ్చిందో, దానంతటదే వచ్చిందో, పాట తిరిగొచ్చింది. వాడు మాత్రం తనవల్లే అన్నట్టు వచ్చి కూర్చున్నాడు.

1982కి రండి. ట్రాన్సిస్టరు వచ్చి చాలా ఏళ్లయింది. తోలు తొడుగేసుకుని చేలగట్టు మీదా, టీ బడ్డీలోనూ మోగుతోంది. గుండీ తిప్పే బాధ తగ్గింది, రాసే పని పెరిగింది. కోరిన పాటల కార్యక్రమానికి 15 పైసల కార్డు మీద సినిమా పేరు, పాట, కింద ఇంటిల్లిపాదీ పేర్లు ఇరికించి పోస్టు డబ్బాలో వేస్తారు. ఇక రోజూ చెవులు రిక్కించుకుని కూర్చోవడమే. పాట అందరికీ వచ్చేదే, మన ఊరి పేరు రేడియోలో వినిపిస్తుందా అన్నదే ఆత్రం. వినిపించిందా, పాట మొదలయ్యేసరికే పక్కింటికి చెప్పడానికి పరుగు.

మరో నాలుగైదేళ్లకి గుంటూరులో క్యాసెట్ల షాపు. మీరు చిట్టా రాసిచ్చారు. షాపాయన దాన్ని పైనుంచి కిందికి చదివి, వేళ్ల మీద నిమిషాలు లెక్కేశాడు. అరవై నిమిషాల క్యాసెట్టు, పక్కకి ముప్పై.

"బీ సైడులో ఆఖరిది సగంలో తెగుద్దండీ. చిన్నది చెప్పండి."

హక్కులూ గిక్కులూ అని అక్కడ ఎవరూ అడగరు. రికార్డింగు అయ్యాక మీదకి ఇంకేదీ ఎక్కకుండా క్యాసెట్టు వెనక మూలనున్న చిన్న ప్లాస్టిక్ రెక్క విరిచి ఇస్తాడు. ఆర్నెల్లకి ఆ పాటలు మొహం మొత్తితే ఆ బొక్క మీద టేపు ముక్క అంటించి, కొత్తవి ఎక్కించుకుంటారు. రీలు చిక్కుకుంటే పెన్సిల్ దూర్చి తిప్పుతారు. పాట మీ సొంతమైంది ఇక్కడే, మీ క్రమంలో, మీ చేతిరాతతో రాసిన అట్ట మీద.

2006లో హైదరాబాదుకి ప్రైవేటు ఎఫ్ఎం వచ్చింది. ఆటోలూ క్యాబులూ మోగాయి, ఆర్జేలకి పేరొచ్చింది. అంతకు మించి వినేవాడు చేసే పనేమీ మారలేదు, బటన్ నొక్కడం తప్ప.

ఇప్పుడు డాలస్‌లో ఒక వంటింట్లో నిలబడ్డారు. చలికాలం, సాయంత్రం ఆరున్నర. విజయవాడలో తెల్లవారి ఆరు. ఫోన్లో న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో ఆ కేంద్రాన్ని ఒక్కసారి తాకితే చాలు, భక్తిరంజని మొదలైంది. ఈల లేదు, గరగర లేదు. పొయ్యి మీద రాత్రి భోజనానికి వంకాయ కూర మగ్గుతోంటే, కౌసల్య కొడుకుని లేవమంటున్నారు.

"అమ్మా, ఇది పొద్దున పెట్టాల్సింది కదా?" అంది కూతురు.

"అక్కడ పొద్దునే. ఆ ఉప్పు ఇలా అందుకో."