గ్రాఫిక్స్ కార్డుకు వోల్టేజీ పెంచితే ఏమవుతుంది?

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్‌లలో ఏప్రిల్, మే వస్తే గదే కొలిమి. అలాంటి చోట గేమ్ స్పీడ్ కోసం పిల్లలు గ్రాఫిక్స్ కార్డు వోల్టేజీ పెంచుతామంటే ముందు ఒక లెక్క చూడాలి. చిప్ తాగే కరెంటు వోల్టేజీ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 1 వోల్టును 1.1 చేస్తే, క్లాక్ స్పీడ్ మార్చకపోయినా వేడి దాదాపు 21 శాతం ఎక్కువ.

ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ లాంటి సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టిన హద్దులోనే పెంచనిస్తుంది. జీటీఎక్స్ 1080కి ఆ హద్దు సుమారు 1.09 వోల్టులు. అది దాటాలంటే వోల్టేజీ కంట్రోలర్ ఫీడ్‌బ్యాక్ పిన్నుకు వేరియబుల్ రెసిస్టర్ సోల్డర్ చేయాలి. చేయి కాస్త జారిందా, కార్డు ఖతం! వారంటీ కూడా పోయినట్టే.

ఇంట్లో అయితే తిరగేసి చేయడమే మేలు: స్పీడ్ అలాగే ఉంచి వోల్టేజీని కొద్దికొద్దిగా తగ్గించడం. గేమ్ ఆగిపోతే ఒక మెట్టు వెనక్కి రావాలి. ఫ్యాన్ మోత కూడా తగ్గుతుంది.