చెల్లుబాటయ్యే కాంట్రాక్టు

చట్టం ద్వారా అమలు చేయించుకోగల ఒప్పందాన్ని కాంట్రాక్టు అంటారు. భారతదేశంలో దీనికి ఆధారం 1872 సెప్టెంబరు 1న అమలులోకి వచ్చిన భారత కాంట్రాక్టు చట్టం. ఒకరి ప్రతిపాదనను మరొకరు అంగీకరిస్తే, అందుకు ప్రతిఫలం ఉంటే ఒప్పందం ఏర్పడుతుంది. అయితే ప్రతి ఒప్పందమూ కాంట్రాక్టు కాదు. 10వ సెక్షను ప్రకారం ఇరుపక్షాలకూ అర్హత ఉండాలి, సమ్మతి స్వేచ్ఛగా ఇచ్చినదై ఉండాలి, ప్రతిఫలమూ ఉద్దేశమూ చట్టసమ్మతమై ఉండాలి, ఆ ఒప్పందం చెల్లదని చట్టమే ప్రకటించి ఉండరాదు.

స్టాంపు కాగితం లేనిదే ఒప్పందం చెల్లదన్న అభిప్రాయం ప్రజలలో బలంగా ఉంది. ఇది సరికాదు. నోటిమాటగా చేసుకున్న కాంట్రాక్టు కూడా సాధారణంగా చెల్లుతుంది, కాకపోతే రుజువు చేయడం కష్టం. స్థిరాస్తి విక్రయం వంటి వాటికి మాత్రం వ్రాత, రిజిస్ట్రేషను కావాలి.

మరోవైపు, సంతకాలున్న దస్తావేజు అయినా సమ్మతి స్వేచ్ఛగా లేకపోతే నిలవకపోవచ్చు. చిక్కం అమ్మిరాజు, చిక్కం శేషమ్మల వ్యాజ్యం (1917) ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. ఒక వ్యక్తి ఆత్మహత్య చేసుకుంటానని బెదిరించి, తన భార్య చేత, కుమారుని చేత వారు తమదని చెప్పుకొంటున్న ఆస్తిపై హక్కు వదులుకొంటున్నట్లు తన సోదరుని పేర దస్తావేజు వ్రాయించాడు. ఆ బెదిరింపు చట్టం చెప్పే 'బలవంతం' కిందికే వస్తుందని మద్రాసు హైకోర్టు మెజారిటీ తీర్పునిచ్చింది. ఇటువంటి కాంట్రాక్టు దానంతటదే రద్దు కాదు. బలవంతానికి గురైనవారు కోరితే రద్దవుతుంది.

మైనరు విషయంలో నియమం ఇంకా కఠినం. మైనరు చేసిన ఒప్పందం మొదటినుండీ చెల్లదని 1903లో మొహొరీ బీబీ కేసులో ప్రీవీ కౌన్సిల్ తేల్చింది. ఇల్లు తనఖా పెట్టిన యువకుడు మైనరని అప్పిచ్చినవారి న్యాయవాదికి ముందే తెలుసు. తనఖా రద్దయింది, ఇచ్చిన సొమ్మూ తిరిగి రాలేదు.