శారదానికేతనపు అక్కచెల్లెండ్రు

పత్తి పగిలిన దినములలో సత్తెనపల్లి చుట్టుపట్టుల తెల్లవారుజామున బయలుదేరినవారికి స్త్రీల జట్లు ఎదురగును. నడుమునకు ఒడి కట్టుకొని పదిమంది, పదునైదుమంది కలిసి చేలకు సాగుచుందురు. మిరపకాయల కోతకాలమునను ఇదే తీరు. వారిలో ఒకతె అక్క, మరియొకతె వదిన, వేరొకతె పిన్ని. నెత్తురు సంబంధ ముండనక్కరలేదు. ఒక సాలున నడుము వంచినవారు ఆ వరుసలను తామే కలుపుకొందురు. ఒకరి యింట పురుడు వచ్చినను, చావు వచ్చినను జట్టంతయు కదలివచ్చును.

ఈ మాట ముందుగా చెప్పుటకు కారణము కలదు. నూరేండ్లకు పూర్వము ఈ గ్రామసీమలలోనే ఇట్టి తోడునకు నోచుకొనని ఆడువారుండిరి. అగ్రవర్ణములనబడు కుటుంబములలో ఎనిమిదవ యేటనో, తొమ్మిదవ యేటనో పెండ్లియై, కాపురమునకు పోకముందే భర్తను కోల్పోయిన బాలికలు వారు. రెక్కాడించి బ్రతుకు కులములు పెక్కింట మారుమనువు ఆచారముగా నుండెను. ఈ పసివారికి దక్కినవి శిరోముండనము, ఒంటిపూట భోజనము, వంటింటి మూల. శుభకార్యమున వారు ఎదురు వచ్చుటయే అశుభము. పొలమునకు పోరాదు, పదిమందిలో కూర్చుండరాదు. పస్తులకంటె ఈ ఒంటరితనమే ఎక్కువ క్రూరమైనదని మాకు తోచును.

వితంతు వివాహము చెల్లునని 1856లోనే చట్టము వచ్చెను. తెలుగునాట దానికి ప్రాణము పోసినవారు కందుకూరి వీరేశలింగముగారు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున వారు జరిపించిన పెండ్లి కథ శ్రోతలలో పెక్కుమందికి తెలిసినదే. దానిని మరల చెప్పబోము. పెండ్లి వలన కొందరు బాలికలకు ఇల్లు దొరికెను. వరుడు దొరకనివారి గతి యేమి? మరల పెండ్లి కోరనివారి గతి యేమి?

ఈ ప్రశ్నకు సమాధానము వెదకినవారిలో ఇద్దరు మన ప్రాంతమువారు. ఉన్నవ లక్ష్మీనారాయణగారు 1877లో నాటి సత్తెనపల్లి తాలూకా వేములూరుపాడున జన్మించిరి. వారి సహధర్మచారిణి లక్ష్మీబాయమ్మగారు 1882లో గుంటూరు సీమయందలి అమీనాబాదున పుట్టిరి. పదియేండ్లకే ఆమెకు వివాహమయ్యెను. ఆ వయసున పెండ్లిపీట లెక్కిన ఎందరో బాలికల తలరాత తనకును పట్టియుండవచ్చునని ఆమె యెరుగకపోలేదు గదా! ఇరువదవ శతాబ్దపు తొలి దశకమున ఆ దంపతులు గుంటూరులో వితంతు శరణాలయము నెలకొల్పి, వితంతు వివాహములు జరిపించిరి. రాజమహేంద్రవరమున వీరేశలింగముగారి శరణాలయములోను సేవ చేసిరి.

అప్పటికి స్త్రీలలోనే ఒక కదలిక వచ్చియున్నది. 1902లో బందరున బండారు అచ్చమాంబగారు, ఓరుగంటి సుందరీరత్నమాంబగారు బృందావన స్త్రీసమాజమును స్థాపించిరి. ఆ యేడే 'హిందూసుందరి' పత్రిక పుట్టెను. ఒకరి మొగమొకరు చూడని ఆడువారు పత్రికాముఖమున 'సోదరీమణులారా' యని పిలుచుకొన నేర్చిరి. నేడు సభలలో అరిగిపోయిన పిలుపే యిది. అయినను గడప దాటని యువతి దానిని మొదటిసారి చదివినప్పుడు ఏమనుకొనియుండునో తలచుకొనుడు.

1922లో ఉన్నవ దంపతులు గుంటూరున శ్రీ శారదానికేతనమును స్థాపించిరి. ఆ పేరునే కొంచెము గమనింపుడు. మొదటిది శరణాలయము, అనగా దిక్కులేనివారు తలదాచుకొను చోటు. ఇది శారద యిల్లు. చదువులతల్లి యింటికి వచ్చిన పిల్లను దిక్కులేనిదని ఎవరందురు? తెలుగు, సంస్కృతము మున్నగు చదువులతోబాటు చేతిపనులును అక్కడ నేర్పిరి. ఒకరిపై ఆధారపడక తన కూడు తాను సంపాదించుకొనగల విద్య కావలెనన్నదే వారి పట్టుదల. ఇంటిలో నీడవలె మసలిన పిల్ల ఇచ్చట పది మంది పిల్లల నడుమ కూర్చుండి పాఠము అప్పగింపవలెను. తనకంటె చిన్నదానికి అక్షరములు దిద్దింపవలెను. చిన్నది 'అక్కా' యని పిలిచినపుడు ఆమెకు పదిమందిలో ఒక స్థానము దొరకెను. పొలములో కూలి స్త్రీలకు సాలు ఇచ్చిన వరుస ఈమెకు పలక యిచ్చెను.

ఆ 1922లోనే లక్ష్మీనారాయణగారి 'మాలపల్లి' వెలువడెను. వెల్లూరు చెరసాలలో వ్రాయబడి, తరువాత ప్రభుత్వ నిషేధమునకు గురియైన ఆ నవలను తెలుగువారు మరువలేదు. ఆ కీర్తి న్యాయమైనదే. లక్ష్మీబాయమ్మగారి పని పుస్తకమై అచ్చుకెక్కలేదు గనుక మన సాహిత్య చరిత్రలలో ఆమె పేరు భర్త పేరు వెనుక ఒక పంక్తితో సరిపోవును. ఈ పిసినారితనము మాకు నచ్చదు. ఉప్పు సత్యాగ్రహమున పాల్గొని ఆమెయు చెరసాల కేగెను.

కడుపునిండ తిన్న యింట పుట్టియు ఊరి పనికి పూనుకొన్న స్త్రీలు ఆ దినములలో మరికొందరు గలరు. బాపట్లలో కనుపర్తి వరలక్ష్మమ్మగారు స్త్రీహితైషిణీ మండలిని నడపిరి. దుర్గాబాయిగారు 1937లో మదరాసున ఆంధ్ర మహిళాసభకు పునాది వేసిరి. ఒక్కొక్క సంస్థదియు ఒక్కొక్క ప్రసంగమునకు చాలిన కథ.

లక్ష్మీబాయమ్మగారు 1956లో కన్నుమూసిరి. లక్ష్మీనారాయణగారు రెండేండ్లకు ఆమెను అనుసరించిరి. వితంతువునకు తన వాటా ఆస్తిపై పూర్తి హక్కునిచ్చిన హిందూ వారసత్వ చట్టము వచ్చినది ఆ 1956లోనే. అప్పటికి శారదానికేతనమునకు ముప్పదినాలుగేండ్లు నిండుచుండెను.