నాలుగు అక్షరాల కళాకారుడు

ఇన్‌స్టాగ్రామ్ బయోల్లోనూ, డేటింగ్ యాప్ ప్రొఫైల్స్‌లోనూ ఐఎస్ఎఫ్‌పీ అనే నాలుగు అక్షరాలు మీకు ఎప్పుడో ఒకప్పుడు తగిలే ఉంటాయి. విడమరిస్తే ఇదీ సంగతి: అంతర్ముఖత్వం, కంటికీ చెవికీ చేతికీ అందే వాటి మీద గురి, తర్కం కన్నా మనసు మాటకు పెద్దపీట, ముందే తేల్చేసుకోకుండా అప్పటికప్పుడు తోచినట్టు నడుచుకోవడం. దీని గురించి రాసిన వర్ణనలు చదివితే ఒక మనిషి కళ్లకు కడతాడు. నలుగురిలో తక్కువ మాట్లాడతాడు. రంగులూ రాగాలూ ఇట్టే పట్టుకుంటాడు. టైమ్‌టేబుల్ అంటే చిరాకు పడతాడు.

ఈ బొమ్మను ఏ ఒక్కరూ గీయలేదు. దాదాపు అరవై ఏళ్లలో, ఒకరు వదిలేసిన చోట ఇంకొకరు కుంచె పట్టుకుని గీశారు.

మొదటి గీత అమెరికాలో ఒక ఇంట్లో పడింది. కేథరిన్ బ్రిగ్స్ చదివింది వ్యవసాయశాస్త్రం. కూతురు ఇసబెల్ తాను పెళ్లి చేసుకోబోయే అబ్బాయిని ఇంటికి తీసుకొచ్చింది. అతను మంచివాడే, కానీ ఆలోచించే తీరు వీళ్లింట్లో ఎవరికీ లేనిది. మనుషులు ఇంత వేరువేరుగా ఎందుకుంటారన్న ప్రశ్న ఆ తల్లిని పట్టుకుంది. జీవితచరిత్రలు చదివి మనుషుల్ని నాలుగు రకాలుగా విడదీసింది: ధ్యానశీలురు, అప్పటికప్పుడు స్పందించేవారు, కార్యదక్షులు, కలుపుగోలు మనుషులు. ఇక్కడొకటి గమనించాలి. మౌనంగా లోలోపల ఆలోచించేవారు ఒక గదిలో ఉన్నారు, తోచిందే తడవుగా కదిలేవారు ఇంకో గదిలో ఉన్నారు. ఆ రెండు గుణాలూ ఒకే మనిషిలో కలుస్తాయని ఆ పట్టిక చెప్పలేదు.

ఇంతలో కార్ల్ యూంగ్ 1921లో ‘సైకలాజికల్ టైప్స్’ వెలువరించాడు. 1923లో ఇంగ్లిషులోకి వచ్చింది. అది చదివాక కేథరిన్ తన పట్టికను పక్కన పెట్టేసింది. లోపల గాఢంగా అనుభూతి చెందుతూ పైకి చల్లగా, ముభావంగా కనిపించే మనిషిని యూంగ్ అందులో వర్ణించాడు. ఇప్పటి ఐఎస్ఎఫ్‌పీకి వెన్నెముక ఆ వర్ణనే. 1926లో కేథరిన్ ఈ సిద్ధాంతాన్ని మామూలు పాఠకులకు పరిచయం చేస్తూ ‘ది న్యూ రిపబ్లిక్’ పత్రికలో రాసిన వ్యాసం శీర్షికలోనే రంగులపెట్టె ప్రస్తావన ఉంది. యూంగ్‌కు మాత్రం ఈ ఉత్సాహం నచ్చేది కాదు. మనుషులకు చీటీలు అంటించడం పిల్లకాయల ఆటలాంటిదని 1934 నాటి ఒక ముందుమాటలో విసుక్కున్నాడు.

రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో ఇసబెల్ మయర్స్ రంగంలోకి దిగింది. ఆమె చదివింది రాజనీతిశాస్త్రం, అప్పటికే ఒక డిటెక్టివ్ నవలకు బహుమతి అందుకుంది. ఎవరికి ఏ పని సరిపోతుందో చెప్పే ప్రశ్నావళి తయారుచేయాలన్నది ఆమె పట్టుదల. నిర్ణయించుకునేవారు, వేచిచూసేవారు అన్న తేడాను తల్లీకూతుళ్లు విడిగా ఒక నాలుగో కొలతగా నిలబెట్టారు. యూంగ్ దగ్గర అది అలా విడిగా లేదు. అట్లా మౌనమూ తోచినట్టు నడిచే స్వభావమూ మొదటిసారి ఒకే గదిలోకి చేరాయి. గదులు పదహారయ్యాయి. 1962లో ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీస్ దాన్ని పరిశోధనల కోసం ప్రచురించింది.

మరి ‘కళాకారుడు’ ఎక్కణ్ణుంచి వచ్చాడు? నాలుగు అక్షరాల్లో ఏదీ కళను కొలవదు. 1978లో డేవిడ్ కీర్సీ, మెరిలిన్ బేట్స్ రాసిన ‘ప్లీజ్ అండర్‌స్టాండ్ మీ’ పుస్తకం ఈ గదికి ఆర్టిస్ట్ అన్న బోర్డు తగిలించింది. ఇరవై ఏళ్ల తర్వాత కీర్సీయే దాన్ని కంపోజర్ అని మార్చాడు. ఇప్పుడు ఇంటర్నెట్‌లో బాగా వాడుకలో ఉన్న ఒక ఉచిత పరీక్ష అదే గదిని అడ్వెంచరర్ అంటోంది. లోపలున్న మనిషి ఒక్కడే, బోర్డులే మూడు.

అయినా ఈ బొమ్మ ఇంతమందికి ఎందుకు నచ్చుతోంది? మన ఇళ్లలో ఇలాంటి పిల్లలకు దొరికే పేర్లు గుర్తుచేసుకోండి. మాట్లాడకపోతే ‘నోట్లో నాలుక లేదు’, ఒక పని వదిలి ఇంకోటి పట్టుకుంటే ‘నిలకడ లేదు’, నోట్‌బుక్ చివర బొమ్మలేస్తే ‘పనికిమాలిన వేషాలు’. ఆ మూడు తిట్లనూ ఎవరో మూడు సుగుణాలుగా తిరగరాసి చేతిలో పెడితే ఎవరికి ప్రాణం లేచిరాదు? ఏ రకమూ తక్కువ కాదన్నదే ఇసబెల్ నమ్మకం. తన సాధనాన్ని ‘టెస్ట్’ అనకుండా ‘ఇండికేటర్’ అన్నది అందుకే. ఆ ఉదారతను కొట్టిపారేయలేం.

చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. మన గురించి మనం చెప్పిన జవాబులనే ఈ ప్రశ్నావళి ఒక పేరు పెట్టి తిరిగి మనకిస్తుంది. మనుషుల్లో ఎక్కువమంది రెండు కొసల్లో కాదు, మధ్యలో ఉంటారు. అందుకే కొన్ని వారాలాగి మళ్లీ రాస్తే చాలామందికి కనీసం ఒక అక్షరం మారిపోతుంది. ఉద్యోగాల్లోకి ఎంపిక చేయడానికి దీన్ని వాడకూడదని ప్రచురణకర్తలే చెబుతారు. మనం మాత్రం మన ఎంపికలకు వాడేసుకుంటున్నాం. ‘నేను ఐఎస్ఎఫ్‌పీని, డెడ్‌లైన్లు నావల్ల కాదు’ అని ఒకరు సాధన మానేస్తారు. వేరే అక్షరాలు వచ్చిన ఇంకొకరు, బొమ్మలేయడం తన రకానికి రాసిపెట్టి లేదనుకుని కుంచె పక్కన పెడతారు.

కళ అన్న మాట ఆ గది తలుపు మీదికి 1978లో వచ్చిన బోర్డు. యూంగ్ రాసింది కాదు, కేథరిన్ వెతికింది కాదు, ఇసబెల్ కొలిచింది అసలే కాదు. కాబట్టి ఆ అక్షరాలు మీకొచ్చినా, రాకపోయినా బొమ్మ వేయాలనిపిస్తే వేయండి. బాగా కుదిరిందో లేదో కాగితం మీదే తెలుస్తుంది.