మాహ్‌లఖా: చాంద్ లాంటి పేరు, మూడు తలఫ్ఫుజ్‌లు

అఖీఖా దగ్గరపడేసరికి ప్రతి ఇంట్లో పేరు మీద బహస్ మొదలవుతుంది. నానీ ఒకటి అంటుంది, ఫుప్పూ ఇంకొకటి అంటుంది. చివరికి ఆయిషా, జోయా, సానియాల్లో ఏదో ఒకటి ఖాయమవుతుంది. అవన్నీ మంచి పేర్లే. కానీ మన హైదరాబాద్ తారీఖ్‌లో మెరిసిన ఒక పేరు ఇప్పుడు బచ్చీలకి పెట్టడం చాలా అరుదు. అదే మాహ్‌లఖా.

ముందు మాయనా చూద్దాం. ఫార్సీలో 'మాహ్' అంటే చంద్రుడు. అరబీలో 'లిఖా' అంటే కలుసుకోవడం. మనం రోజూ అనే ములాఖాత్ కూడా ఆ మూలం నుంచి వచ్చిందే. సూరె కహఫ్ ఆఖరి ఆయత్‌లో రబ్బుని కలుసుకోవడం గురించి చెప్పేచోట ఉన్నదీ ఈ లఫ్జే. ఫార్సీలోకి వచ్చాక దానికి 'ముఖం' అనే మాయనా కూడా చేరింది. అంటే మాహ్‌లఖా తెలుగులో అచ్చంగా చంద్రముఖి.

ఇక తలఫ్ఫుజ్. ఇందులో ఉన్న అక్షరం ఖాఫ్, రెండు నుఖ్తాలది. అరబ్బులు దాన్ని గొంతు లోపలి నుంచి పలుకుతారు. ఇరాన్‌లో అదే అక్షరం 'గ'కి దగ్గరగా వినిపిస్తుంది. అక్కడ పర్యావరణం కోసం జీవితాంతం పనిచేసి 2021లో ఇంతిఖాల్ అయిన మాహ్‌లఖా మల్లాహ్ పేరుని వాళ్ళు 'మహ్‌లెగా' అన్నట్టు పలుకుతారు. మన దక్కన్‌లో ఖాఫ్ 'ఖ' అయిపోయింది. లక్నో వాళ్ళు దీనికి నవ్వుతారు, నవ్వనివ్వండి. తెలుగు లిపి మాత్రం మన నోటినే నమ్మింది. ఖురాన్, ఖాజీ, తలాఖ్ అని రాస్తాం. జైలు వార్తల్లో మేం రాసే ములాఖత్ కూడా అంతే. అందుకే మాహ్‌లఖా అని రాయడమే మనకి సహీ. ఇంగ్లీషు స్పెల్లింగు చూసి రాసేవాళ్ళ చేతిలో పడితే అది 'మహాలక' అయిపోతుంది.

ఈ పేరు మనకి ఎక్కడి నుంచి వచ్చింది? 1768లో పుట్టిన ఒక షాయిరా నుంచి. ఆమె తఖల్లుస్ చందా. మాహ్‌లఖా అన్నది నిజాం అలీ ఖాన్, అంటే రెండో ఆసఫ్ జా, ఇచ్చిన ఖితాబ్. దేశీ మాటలో చంద్రుడు, ఫార్సీ మాటలో చంద్రుడు, ఇద్దరూ ఒకే మనిషిలో! ఉర్దూలో సొంత దీవాన్ ఉన్న తొలి స్త్రీలలో ఆమె ఒకరు. ఒక్కో గజల్‌లో ఐదు షేర్లు. చాలా గజళ్ళు హజ్రత్ అలీ జిక్ర్‌తో ముగుస్తాయి. 1799లో ఆమె ఇంగ్లీషు అధికారి మాల్కమ్‌కి ఇచ్చిన దీవాన్ ప్రతి ఇప్పటికీ లండన్‌లో భద్రంగా ఉంది. అడిక్‌మెట్‌లో ఆమె జాగీర్ భూమి మీదే ఈనాటి ఉస్మానియా యూనివర్సిటీ ఉంది.

అయినా పేరు ప్రస్తావిస్తే బుజుర్గులు గొంతు తగ్గించి అంటారు: "ఆమె తవాయిఫ్ కదా బేటా, ఆ పేరు మన బచ్చీకా?"

నిజమే, ఆమె తవాయిఫే. దాచాల్సిన పని లేదు. కానీ ఆ రోజుల్లో షరీఫ్ ఖాందాన్ల ఆడవాళ్ళ పేర్లు జనానా గుమ్మం దాటి బయటికి రావడమే అరుదు. వాళ్ళలో ఎంతమంది షేర్లు చెప్పారో, ఎంతమంది వాటిని కాగితం మీద పెట్టకుండానే పోయారో ఎవరు లెక్కపెట్టారు? బయటికి వచ్చి, రాసి, తన పేరు మిగుల్చుకున్న ఆమెని బద్‌నామ్ చేసి పక్కన పెడితే, మన ఆడపిల్లలకి తారీఖ్‌లో మిగిలేది ఎవరు? పైగా 'బాయి' అన్నది పేరులో భాగం కాదు, పేరు పక్కన చేరిన పిలుపు. పేరు మాత్రం ఖుదా ములాఖాత్‌ని చెప్పే లఫ్జ్‌తోనే తయారైంది.

పెట్టాలనుకుంటే ఒక్క జాగ్రత్త. బర్త్ సర్టిఫికెట్‌లో ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు స్పెల్లింగులు మీరే రాసివ్వండి, క్లర్కుకి వదలకండి. తర్వాత ఒకసారి పాపని తీసుకుని మౌలా అలీ గుట్ట కిందికి వెళ్ళండి. అక్కడ తన తల్లి కోసం కట్టించిన మఖ్బరాలో, తల్లి పక్కనే ఆమె కూడా ఉంది. 1824 నుంచి అక్కడే.