కాన్రాడ్ ఫైట్: ఒక నటుడి జీవితంలో జర్మనీ యాభై ఏళ్లు

జర్మన్ రంగస్థల, సినిమా నటుడు కాన్రాడ్ ఫైట్ 1893 జనవరి 22న బెర్లిన్‌లో పుట్టాడు. అప్పటికి జర్మనీ ఒక దేశంగా ఏర్పడి 22 ఏళ్లే అయింది. చిన్నాపెద్దా రాజ్యాలను కలుపుకుని ప్రష్యా రాజు 1871లో చక్రవర్తి అయ్యాడు. ఫైట్ తండ్రి సైన్యంలో పనిచేసి, తర్వాత ప్రభుత్వోద్యోగంలో కుదిరినవాడు. కుటుంబం ప్రొటెస్టెంట్ క్రైస్తవ కుటుంబం. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, ముందు ముందు దీనితో పని పడుతుంది. కుర్రవాడికి చదువు అంటలేదు. 1912లో బడి వదిలేనాటికి తరగతిలోని 13 మందిలో అతనిది 13వ స్థానం. మనసంతా నాటకాల మీదే ఉండేది.

ఆ కాలపు జర్మన్ నాటకశాల ఎలాంటిదో మన వైపు వాళ్లకు కాస్త వివరంగా చెప్పాలి. పర్చూరు, చీరాల, బాపట్ల ప్రాంతాల్లో నాటకమంటే తిరునాళ్లకో శివరాత్రికో పందిరి వేసి, పేరున్న నటులను మాట్లాడుకుని తెచ్చి, తెల్లవార్లూ ఆడించేది. పద్యం నచ్చితే జనం వన్స్‌మోర్ కొట్టేవారు. జర్మనీలో వ్యవహారం వేరు. ఏకం కాకముందు ప్రతి చిన్న రాజ్యానికీ ఒక ఆస్థాన నాటకశాల ఉండేది, పెద్ద పట్నాలకు తమ సొంత నాటకశాలలు ఉండేవి. నటులు నెలజీతం మీద ఒకే చోట ఉండి, ఇవాళ ఒక నాటకం, రేపు ఇంకొకటి ఆడేవారు. ఈ పద్ధతి ఇప్పటికీ నడుస్తూనే ఉంది. బెర్లిన్‌లోని డాయిచెస్ థియేటర్ మాత్రం అప్పట్లో ప్రైవేటుది. దాన్ని 1905 నుంచి నడిపిన మాక్స్ రైన్‌హార్ట్ ఆ తరం దర్శకుల్లో అగ్రగణ్యుడు. తిరిగే రంగస్థలం, వెలుగునీడల వాడకం, వందల మందిని ఒకే దృశ్యంలో నడిపించే నేర్పు ఆయన చేతిలో కొత్త రూపు దిద్దుకున్నాయి. ఫైట్ ఆయన దగ్గర చేరి, మాటలు లేని చిన్న వేషాలతో మొదలుపెట్టాడు. వెర్నర్ క్రౌస్, ఎమిల్ యానింగ్స్ కూడా ఆ కొలువులో ఎదిగినవారే. ఈ ముగ్గురి దారులు తర్వాత ఎలా చీలాయో చూస్తే జర్మనీ చరిత్ర సగం అర్థమవుతుంది.

1914లో మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. ఆ ఏడాది చివర్లో సైన్యంలో చేరిన ఫైట్‌ను 1915లో తూర్పు సరిహద్దుకు పంపారు. అక్కడ కామెర్లు, న్యుమోనియా పట్టుకుని ఆస్పత్రి పాలయ్యాడు. కోలుకున్నాక లీబావ్ పట్నంలో సైనికుల కోసం నడిచే నాటకశాలలో పని దొరికింది. జర్మన్ సేనలు ఆక్రమించిన ఆ రేవుపట్నం ఇప్పటి లాట్వియాలో ఉంది. రైన్‌హార్ట్ దగ్గర రాని పెద్ద వేషాలు అక్కడ దక్కాయి. చివరికి యుద్ధానికి పనికిరాడని తేల్చి సైన్యం విడిచిపెడితే, 1917లో బెర్లిన్ తిరిగివచ్చాడు.

అదే ఏడాది అతను సినిమాల్లోకి దిగాడు. విదేశీ చిత్రాల దిగుమతిని ప్రభుత్వం 1916లో ఆపేయడంతో దేశంలో తీసే చిత్రాలకు గిరాకీ పెరిగింది. ప్రచారానికి సినిమా ఎంత పనికొస్తుందో గ్రహించిన సైన్యాధికారులు 1917 డిసెంబరులో ఊఫా అనే పెద్ద సంస్థను నిలబెట్టించారు. అంటే జర్మన్ సినిమా పరిశ్రమ పునాదుల్లోనే యుద్ధం ఉంది.

1918 నవంబరు 9న చక్రవర్తి గద్దె దిగాడు. రిపబ్లిక్ వచ్చింది, ఆడవాళ్లకు ఓటుహక్కు వచ్చింది, సెన్సారు పోయింది. ఆ కొద్దిపాటి సందులో వెలువడిన చిత్రమే 1919 నాటి ‘ఆండెర్స్ ఆల్స్ డీ ఆండెరెన్’. మగవాళ్ల మధ్య ప్రేమను నేరంగా చూసే 175వ సెక్షన్ వల్ల ఒక మనిషి బతుకు ఎలా నాశనమవుతుందో చెప్పే కథ అది. లైంగిక శాస్త్రవేత్త మాగ్నుస్ హిర్ష్‌ఫెల్ట్ సహకారంతో రిచర్డ్ ఓస్వాల్ట్ తీశాడు. బెదిరింపులకు లొంగి, చివరకు ప్రాణం తీసుకునే వయొలిన్ విద్వాంసుడిగా ఫైట్ నటించాడు. పైకి వస్తున్న ఏ నటుడైనా అలాంటి వేషానికి వెనకాడే రోజులవి. సెన్సారు చట్టం 1920 మేలో మళ్లీ వచ్చింది, కొద్ది నెలలకే ఆ చిత్రం నిషేధానికి గురైంది. ఆ సెక్షన్ జర్మన్ చట్టంలోంచి పూర్తిగా తొలగింది 1994లో. మన 377వ సెక్షన్ ఈ విషయంలో 2018 దాకా చెల్లింది కాబట్టి, ఈ కథ మనకు మరీ దూరపుదేమీ కాదు.

ఫైట్‌ను ప్రపంచానికి తెలిపిన చిత్రం 1920 ఫిబ్రవరిలో విడుదలైన ‘డాక్టర్ కాలిగారి’. రాబర్ట్ వీనె దర్శకుడు. జాతరలో డేరా వేసుకున్న ఒక డాక్టరు, తన పెట్టెలో పడుకోబెట్టిన నిద్రలో నడిచే మనిషి చేత రాత్రిపూట హత్యలు చేయిస్తాడు. డాక్టరు వేషం వెర్నర్ క్రౌస్‌ది, నిద్రలో నడిచే చెజారె వేషం ఫైట్‌ది. ఇళ్లు, వీధులు, కిటికీలు అన్నీ వంకరటింకరగా గుడ్డ మీద, అట్ట మీద గీసినవే. నీడలను సైతం రంగుతోనే వేశారు. సురభి నాటకాల్లో రంగుల తెరలు చూసి పెరిగిన తెలుగు ప్రేక్షకులకు ఆ పద్ధతి కొత్త కాదు, కానీ దాని వాడకం కొత్త. మన తెరలు రాజసభను రాజసభగా నమ్మించడానికి వేసినవి. కాలిగారి తెరలు మతి చెదిరిన మనసుకు లోకం ఎలా కనిపిస్తుందో చూపడానికి వేసినవి. నల్లటి బిగుతు దుస్తుల్లో సన్నగా పొడుగ్గా ఉన్న ఫైట్, గోడను రాసుకుంటూ తీగ సాగినట్టు నడుస్తాడు. పెట్టెలో మెల్లగా కళ్లు తెరిచే దృశ్యంలో, మాట లేకుండా ముఖ కండరాలతోనే, నిద్రకూ మెలకువకూ మధ్య జరిగే పెనుగులాటను చూపాడు. మూకీ యుగం మొత్తంలో అంత లోతైన నటన మరొకటి దొరకడం కష్టం. పైవాడి ఆజ్ఞకు కట్టుబడి చంపే మనిషి కథను రాబోయే నాజీ కాలానికి ముందస్తు హెచ్చరికగా చదివిన విమర్శకులు ఉన్నారు. అది తర్వాత తోచిన అర్థమే. తీసినవాళ్ల కళ్లెదుట ఉన్నది ముగిసిన యుద్ధం.

1921లో యో మే తీసిన ‘డాస్ ఇండిషె గ్రాబ్‌మాల్’లో ఫైట్ భారతీయ మహారాజు వేషం కట్టాడు. అందులోని భారతదేశాన్ని బెర్లిన్ పక్కన వోల్టెర్స్‌డార్ఫ్‌లో సెట్లు వేసి సృష్టించారు. చీరాల-పేరాల ప్రజలు పన్ను కట్టం పొమ్మని ఊరు ఖాళీ చేసి దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట రామనగరంలో గుడిసెలు వేసుకున్న ఏడాది కూడా అదే. యూరపు తెర మీది ఇండియాకూ అసలు ఇండియాకూ మధ్య ఎంత దూరముందో ఇంతకంటే చెప్పనక్కర్లేదు.

ఇంతలో జర్మనీ డబ్బు విలువ కుప్పకూలింది. యుద్ధ నష్టపరిహారాలు, అప్పులు, ఆపకుండా నోట్లు అచ్చువేయడం కలిసి 1923 నవంబరు నాటికి ఒక డాలరు 4.2 లక్షల కోట్ల మార్కులైంది. పొద్దున క్వింటా పత్తి అమ్మిన రైతుకు ఆ డబ్బుతో సాయంత్రానికి గుప్పెడు మిరపకాయలు రాకపోతే ఎలా ఉంటుందో, అలా ఉండేది జీతగాళ్ల పరిస్థితి. విచిత్రమేమంటే సినిమాలకు అది మంచి కాలం. దాచుకుంటే కరిగిపోయే డబ్బును జనం టిక్కెట్లకు ఖర్చు పెట్టారు, చవకబడిన మార్కుల వల్ల జర్మన్ చిత్రాలు విదేశాల్లో బాగా అమ్ముడుపోయాయి. ‘ఓర్లాక్ చేతులు’, ‘ప్రాగ్ విద్యార్థి’ లాంటి చిత్రాలతో ఫైట్ ఆ దశాబ్దపు పెద్ద తారల్లో ఒకడయ్యాడు.

1926లో హాలీవుడ్ పిలిచింది. అక్కడి చిత్రాల్లో నిలిచింది విక్టర్ హ్యూగో నవల ఆధారంగా పాల్ లేని 1928లో తీసిన ‘ద మాన్ హూ లాఫ్స్’. చిన్నప్పుడే పెదవులు కోసి శాశ్వతంగా నవ్వు ముఖం చేసిన మనిషి పాత్ర అది. నోరు కదలని ఆ వేషంలో దుఃఖమంతా కళ్లతోనే పలికించాల్సి వచ్చింది, ఫైట్ పలికించాడు. 1940లో బాట్‌మన్ బొమ్మల కథల్లో పుట్టిన జోకర్ ముఖానికి నమూనా ఈ వేషమే. టాకీలు రావడంతో ఇంగ్లీషు సరిగా రాని నటుడికి అమెరికాలో చోటు లేకపోయింది. 1929లో బెర్లిన్ తిరిగివచ్చి, 1931 నాటి ‘కాంగ్రెస్ నృత్యం చేస్తోంది’లో మెటర్నిక్‌గా, మాటల చిత్రాల్లోనూ తన సత్తా చూపాడు.

1933 జనవరి 30న హిట్లర్ ఛాన్సలరు అయ్యాడు. మార్చి 29న ఊఫా తన యూదు ఉద్యోగులను తొలగించడానికి తీర్మానించింది. అప్పటికి అలా చెయ్యమనే చట్టమే లేదు, కంపెనీ పెద్దలు తమంతట తామే ముందుకు వచ్చారు. జర్మనీ చరిత్రలో మన పాఠకులు గమనించాల్సిన చోటు ఇది. మే 6న హిర్ష్‌ఫెల్ట్ సంస్థ మీద నాజీ విద్యార్థులు దాడి చేశారు, నాలుగు రోజుల తర్వాత దాని పుస్తకాలు బెర్లిన్ నడివీధిలో కాలాయి. యూదుడైన రైన్‌హార్ట్ నాటకశాలలు ఆయన చేజారాయి. ఆ ఏడాదే ఏర్పడిన ప్రభుత్వ కళా మండళ్లలో సభ్యత్వం లేనివాడు ఇక రంగస్థలం ఎక్కడానికి, కెమెరా ముందు నిలబడడానికి వీల్లేదు. సభ్యత్వానికి జాతి ధ్రువీకరణ కావాలి.

ఫైట్ యూదుడు కాడు. ఆ వసంతంలోనే అతను పెళ్లాడిన లిలీ ప్రాగర్ యూదు స్త్రీ. జాతి ఏదని అడిగిన దరఖాస్తులో అతను తనది కూడా ‘యూదు’ అనే రాశాడని జీవితచరిత్రకారులు చెబుతారు. భార్యకు విడాకులిస్తే కొలువు నిలుస్తుందన్నది ఆ కాలంలో అందరికీ తెలిసిన బేరం. అతను ఆ బేరానికి పోకుండా భార్యతో బ్రిటన్ వెళ్లాడు. వెళ్లి ఊరుకోలేదు. 1934లో అక్కడ లోతార్ మెండెస్ తీసిన ‘జ్యూ సూస్’లో, లయన్ ఫాయిష్ట్‌వాంగర్ నవలలోని యూదు కథానాయకుడి పాత్రను సానుభూతితో పోషించాడు. అప్పుడే ఒక చిత్రం కోసం జర్మనీ వెళ్లిన అతన్ని జబ్బు వంకతో అక్కడే నిలిపివేస్తే, బ్రిటిష్ నిర్మాణ సంస్థ సొంత డాక్టరును పంపి విడిపించుకోవాల్సి వచ్చింది.

సహచరులు వేరే దారిన నడిచారు. 1929లో ఉత్తమ నటుడిగా మొట్టమొదటి ఆస్కారు అందుకున్న యానింగ్స్, నాజీ ప్రభుత్వ ప్రచారచిత్రం ‘ఓమ్ క్రూగర్’ (1941)లో కథానాయకుడు. ఫైట్ మొదటి భార్య గుస్సీ హోల్‌ను తర్వాత పెళ్లాడింది ఈయనే. వెర్నర్ క్రౌస్ 1940లో ఫైట్ హార్లాన్ అనే దర్శకుడు తీసిన ‘యూట్ సూస్’లో ఒకటికి మించిన యూదు పాత్రలను ద్వేషం పుట్టేలా నటించి పెట్టాడు. బ్రిటన్‌లో ఫైట్ ఏ కథకు మానవత్వం ఇచ్చాడో ఆ కథనే తిరగేసి, యూదుల మీదికి జనాన్ని ఉసిగొల్పడానికి వాడిన చిత్రం అది. కాలిగారిలో పక్కపక్కన నిలబడిన ఇద్దరు నటులు ఇరవై ఏళ్లకు ఇలా ఎదురెదురు ఒడ్డులకు చేరారు. మూడో దారి కూడా ఒకటుంది. యూదు భార్యను వదలనని, దేశంలోనే ఉండిపోయిన జనప్రియ నటుడు యోఆఖిమ్ గాట్‌షాల్క్, భార్యాబిడ్డలను శిబిరానికి పంపబోతున్నారని తెలిసి 1941 నవంబరులో వాళ్లతో కలిసి ప్రాణం తీసుకున్నాడు. ఫైట్ తప్పించుకున్నది ఎలాంటి అంతం నుంచో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఫైట్ 1939లో బ్రిటిష్ పౌరసత్వం తీసుకున్నాడు. మైకేల్ పావెల్ దర్శకత్వంలో ‘ద స్పై ఇన్ బ్లాక్’, ‘కాంట్రబాండ్’ చేశాడు. ‘థీఫ్ ఆఫ్ బాగ్దాద్’ (1940)లో మాయావి మంత్రి జాఫర్ అతనే, ఎదురు నిలిచే పిల్లదొంగ మైసూరు కుర్రాడు సాబు. మంత్రగాళ్ల జానపద చిత్రాలకు అలవాటుపడిన మన ప్రేక్షకులకు ఫైట్‌ను పరిచయం చేసుకోవడానికి అంతకంటే మంచి చిత్రం లేదు. బ్రిటన్ యుద్ధనిధికి సొంత డబ్బు ఇచ్చి, 1940లో అమెరికా చేరాడు.

అక్కడ అతనికి వచ్చినవి ఎక్కువగా నాజీల వేషాలే. ఏ ప్రభుత్వం వల్ల దేశం విడిచాడో ఆ ప్రభుత్వపు అధికారిగానే తెర మీద కనిపించాలి. ఫైట్ వెనకాడలేదు, ఆ పాత్రలను మంచివాళ్లుగా మాత్రం మలచనివ్వలేదు. ‘కాసాబ్లాంకా’ (1942)లో మేజర్ స్ట్రాసర్ వాటిలో తలమానికం. ఆ చిత్రంలో పీటర్ లోరె, కుర్ట్ బోయిస్, మార్సెల్ దాలియో వంటి ఎందరో హిట్లర్ నుంచి పారిపోయి వచ్చినవారే. స్ట్రాసర్ అరవడు, మర్యాదగా మాట్లాడతాడు. భయం పుట్టించేది ఆ మర్యాదే. చిత్రం దేశమంతటా విడుదలైన కొద్ది నెలలకే, 1943 ఏప్రిల్ 3న, లాస్ ఏంజెలెస్‌లో గోల్ఫ్ ఆడుతూ గుండెపోటుతో చనిపోయాడు. యాభై ఏళ్లు. అదే ఏడాది అక్టోబరులో రైన్‌హార్ట్ న్యూయార్క్‌లో కన్నుమూశాడు. ఇద్దరూ హిట్లర్ పతనం చూడలేదు.

వెర్నర్ క్రౌస్ యుద్ధం తర్వాత విచారణలు ఎదుర్కొన్నా మళ్లీ రంగస్థలం ఎక్కాడు. జర్మన్ భాషా నటుల్లో అత్యుత్తముడికి జీవితాంతం దక్కే ఇఫ్‌లాండ్ ఉంగరం 1954లో ఆయన వేలికి వచ్చింది. ఫైట్‌కు జరిగింది మరొకటి. ‘కాసాబ్లాంకా’ పశ్చిమ జర్మనీలో 1952లో డబ్బింగుతో విడుదలైనప్పుడు, నాజీల ఊసే లేకుండా ఇరవై నిమిషాలకు పైగా కత్తిరించారు. ప్రతిఘటన వీరుడు లాజ్లో నార్వే అణుశాస్త్రవేత్త అయ్యాడు, మేజర్ స్ట్రాసర్ పాత్ర మొత్తంగా మాయమైంది. కత్తిరించని ‘కాసాబ్లాంకా’ను కొత్త డబ్బింగుతో జర్మన్ టెలివిజన్ ప్రసారం చేసింది 1975లో. ఫైట్ పోయిన 32 ఏళ్లకు, అతని ఆఖరి గొప్ప వేషాన్ని సొంత దేశం తన భాషలో చూసింది.