ఇందుపగింజా, నక్కవాగూ

వానాకాలంలో ఏటినీరు ఎర్రగా వచ్చేది. మా అమ్మమ్మగారింట్లో ఆ నీటిని బిందెలో పోసి, ఒక ఇందుపగింజను అరగదీసి ఆ గంధాన్ని అందులో కలిపేవారు. తెల్లవారేసరికి మడ్డి అడుగున చేరి, పైన నీరు తేటగా నిలిచేది. కొన్ని సీమల్లో దీనినే చిల్లగింజ అంటారు. సంస్కృతంలో కతకం. మనుస్మృతి ఆరవ అధ్యాయంలో దీని ప్రస్తావన ఉంది. కతకఫలానికి నీటిని తేర్చే గుణం ఉన్నమాట నిజమే గాని, దాని పేరు పలికినంత మాత్రాన నీరు తేరదు అని అక్కడి భావం. వేషం వేసుకున్నంతనే ధర్మం అలవడదని చెప్పడానికి స్మృతికారుడు తెచ్చిన దృష్టాంతం ఇది. తరగతిలో దృష్టాంతాలంకారం చెప్పేటప్పుడు ఎన్నోసార్లు వాడుకున్నాను. అయితే ఈ వ్యాసంలో నాకు కావలసినది అలంకారం కాదు, నీరే.

ఇందుపగింజ చేసే పని చిన్నది. నీటిలో తేలియాడే మట్టిరేణువులను ఒకదానికొకటి అంటుకునేలా చేసి కిందికి దింపుతుంది. ఇప్పుడు నగరాల్లో పటికతో చేసే పని ఇదే. నీటిలో కరిగిపోయినదానిని మాత్రం గింజా తీయలేదు, పటికా తీయలేదు. ఇళ్ల మురుగులోనైనా కార్ఖానా మురుగులోనైనా అసలు చిక్కంతా ఈ కరిగిన పదార్థంతోనే.

ఆ చిక్కు విప్పిన కథ ఇంగ్లండులోని మాంచెస్టరులో జరిగింది. నూలుమిల్లుల ఊరు కదా, అక్కడి ఏళ్లు రంగునీళ్లతో, మురుగుతో నల్లబడిపోయి ఉండేవి. ఆ నగరపు మురుగు వ్యవహారంలో సలహాదారుగా ఉన్న గిల్బర్ట్ ఫౌలర్ అనే రసాయనవేత్త 1912లో అమెరికా వెళ్లి, మాసాచుసెట్స్ రాష్ట్రంలోని లారెన్స్ ప్రయోగశాలలో మురుగునీటిలోకి గాలి ఊది చేస్తున్న పరీక్షలు చూశాడు. తిరిగివచ్చి ఎడ్వర్డ్ ఆర్డెర్న్, విలియం లాకెట్ అనే ఇద్దరికి ఆ సంగతి చెప్పాడు. వాళ్లు డేవీహ్యూమ్ శుద్ధి కేంద్రంలో సీసాల నిండా మురుగునీరు పోసి, వెలుతురు తగలకుండా కాగితం చుట్టి, గాలి ఊదుతూ కూర్చున్నారు. మొదటి విడత నీరు పూర్తిగా శుద్ధి కావడానికి దాదాపు ఐదు వారాలు పట్టింది. ఏ మునిసిపాలిటీకీ పనికిరాని వ్యవధి అది.

ఇక్కడే వారి ప్రజ్ఞ. అంతకుముందు ఇటువంటి ప్రయోగాలు చేసినవారు అడుగున మిగిలిన బురదను పారబోసేవారు. వీళ్లు దానిని పారబోయలేదు. తేట నీటిని వంచేసి, ఆ బురద మీదనే మళ్లీ కొత్త మురుగు పోశారు. ఈసారి వ్యవధి తగ్గింది. మళ్లీ పోశారు, మరింత తగ్గింది. చివరికి ఒక దినం లోపలే నీరు శుద్ధి కాసాగింది. ఆ బురద నిండా మాలిన్యాన్ని ఆహారంగా తినడం మరిగిన సూక్ష్మజీవులు కోటానుకోట్లుగా ఉన్నాయి. 1914 ఏప్రిల్ 3న మాంచెస్టరులో ఒక సభలో ఈ పద్ధతిని చదివి వినిపించారు. వారు పెట్టిన పేరును తెలుగులో ‘ఉత్తేజిత పంకం’ అనుకోవచ్చు. పంకం నుండి పుట్టేది పద్మమని బాలశిక్షలో చెప్పుకున్నాం. పంకం నుండి తేటనీరు పుట్టడం వీళ్లు చూపించారు. ప్రపంచంలోని మురుగుశుద్ధి కేంద్రాలలో అధికభాగం ఈనాటికీ ఈ సూత్రం మీదనే నడుస్తున్నాయి. ఫౌలర్ 1916లో బెంగుళూరు వచ్చి భారతీయ విజ్ఞాన సంస్థలో ఆచార్యుడయ్యాడన్నది మనవాళ్లు అంతగా చెప్పుకోని విశేషం.

అదే కాలంలో మరొక వస్తువు కూడా పుట్టింది. అది కొలబద్ద. మురుగుపై నియమించిన బ్రిటిష్ రాయల్ కమిషన్ 1912లో ఇచ్చిన ఎనిమిదవ నివేదికలో, ఏటిలో కలిపే శుద్ధినీరు ఐదు దినాలలో లీటరుకు 20 మిల్లీగ్రాములకు మించి ప్రాణవాయువును హరించరాదని సూచించింది. దీనినే బి.ఓ.డి. అంటారు. నీటిలోని మాలిన్యాన్ని సూక్ష్మజీవులు తినేటప్పుడు ఎంత ప్రాణవాయువు పీలుస్తాయో కొలిస్తే, మాలిన్యం ఎంతో తెలిసిపోతుందన్నది తర్కం. మన దేశం ఈ కొలతను స్వీకరించి, మన ఎండలకు తగినట్లు 27 డిగ్రీల వేడిమిలో మూడు దినాలకు కుదించి, హద్దును 30 మిల్లీగ్రాములుగా పెట్టుకుంది. 1974లో జలకాలుష్య నివారణ చట్టం వచ్చింది. ఆ తరువాత రాష్ట్రాల్లో కాలుష్య నియంత్రణ మండలులు ఏర్పడ్డాయి.

పాఠకమిత్రులు ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. ఈ పద్ధతి, ఈ కొలబద్ద, రెండూ ఒకే నమ్మకం మీద నిలిచి ఉన్నాయి. నీటిలో ఉన్నది సూక్ష్మజీవులు తినదగిన పదార్థమే అన్నది ఆ నమ్మకం. మాంచెస్టరు మురుగు విషయంలో అది చాలావరకు నిజం. సూక్ష్మజీవులను చంపడానికే తయారైన పదార్థం ఆ నీటిలో ఉంటే ఏమవుతుంది? 1914లో ఈ ప్రశ్న ఎవరికీ రాదు. పెనిసిలిన్ జాడ తెలియడానికే ఇంకా పద్నాలుగేళ్లుంది.

ఇక మన గడ్డకు వద్దాం. హైదరాబాదు బాలానగరులో ఐ.డి.పి.ఎల్. ఔషధ కర్మాగారం 1967లో ఉత్పత్తి మొదలుపెట్టింది. మందులు తయారుచేసే విద్య తెలిసిన రసాయనవేత్తలకు అది పెద్దబడి. 1970 పేటెంటు చట్టం మందు మీద కాక, దానిని తయారుచేసే విధానం మీద మాత్రమే హక్కునిచ్చింది. విదేశీ మందును మరో మార్గంలో తయారుచేయగలిగినవాడికి అడ్డులేదు. ఈ రెండూ కలిసి హైదరాబాదును బల్క్ డ్రగ్స్ రాజధానిని చేశాయి. పేదవాడికి మందు అందుబాటు ధరకు వచ్చిందంటే ఆ శ్రమ వల్లనే. దీనిని తక్కువ చేసి చెప్పడం నా ఉద్దేశం కాదు. నా బి.పి. మాత్ర కూడా ఆ చలవే.

ఆ కార్ఖానాలలో చాలా భాగం నగరానికి వాయవ్యంగా, అప్పటి మెదక్ జిల్లాలోని పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతాల్లో వెలిశాయి. వెనుకబడిన జిల్లా కనుక రాయితీలు వచ్చాయి. నది మాత్రం లేదు. ఉన్నవల్లా చెరువులు, ఇసకవాగు, అది కలిసే నక్కవాగు. నక్కవాగు మంజీరలోకి, మంజీర గోదావరిలోకి పోతాయి. మాంచెస్టరులోనైనా ఏడాది పొడుగునా పారే ఏరుంది. ఇక్కడ ఎండాకాలంలో వాగులో పారేది కార్ఖానా నీరే. మెట్టపంటలపై పరిశోధించే అంతర్జాతీయ సంస్థ ఇక్రిశాట్‌ను 1972లో నెలకొల్పినదీ ఈ పటాన్‌చెరులోనే. ఒక వంక లోకానికి మేలైన విత్తనం, మరొక వంక విత్తనం మొలవని పొలం.

పోచారం, ఆరుట్ల, ఇస్మాయిల్‌ఖాన్‌పేట, బాచుగూడెం వంటి ఊళ్లలో బావులు చెడ్డాయి. పొలాలు ఉప్పుదేరాయి. ఆ రోజుల్లో ముంబై రహదారి మీద బస్సులో వెళ్తుంటే, వాగు దగ్గరపడిందని కిటికీలోంచి చూడనక్కరలేదు. బస్సులోని వాళ్లంతా ఒక్కసారిగా కండువాలు, కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకునేవారు. ఆ ఊళ్ల పక్షాన పటాన్‌చెరులో వైద్యుడిగా ఉన్న డాక్టర్ అల్లాని కిషన్‌రావు గారు దశాబ్దాలపాటు నిలబడ్డారు. 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం దాఖలైంది. ఊళ్లకు మంచినీరు ఇవ్వాలని, రైతుల నష్టాన్ని లెక్కకట్టాలని కోర్టు ఆదేశించింది. 2001లో వ్యాజ్యం ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు, తరువాత జాతీయ హరిత ట్రిబ్యునలుకు బదిలీ అయింది. ఆ వ్యాజ్యం దాఖలైననాడు పుట్టిన పిల్లలు చదువులు ముగించి ఉద్యోగాల్లో చేరేదాకా కాగితాలు ఒక కోర్టు నుండి మరొక కోర్టుకు నడిచాయి.

ఈలోగా 1994లో పటాన్‌చెరులో సామూహిక వ్యర్థజల శుద్ధి కేంద్రం మొదలైంది. చిన్న కార్ఖానాలు ఎవరికి వారు శుద్ధి యంత్రాలు పెట్టుకోలేవు కనుక, అందరి మురుగూ ట్యాంకర్లలో ఒకచోటికి తెచ్చి శుద్ధి చేయాలన్నది ఆలోచన. ఆలోచనగా చూస్తే తప్పుపట్టడానికి లేదు. శుద్ధి విధానం మాంచెస్టరు మార్గమే, గాలి, సూక్ష్మజీవులు, పంకం. అయితే ఇక్కడికి వచ్చేది సుమారు తొంభై బల్క్ డ్రగ్ కార్ఖానాల నీరు. అందులో ఉప్పు ఎక్కువ, ద్రావణులు ఎక్కువ, మందులూ ఉన్నాయి. ఆ తొట్లలో సూక్ష్మజీవులు బతకడమే కష్టం. అందువల్ల ఇళ్ల మురుగును ఐదోవంతు దాకా కలిపేవారు. తినేవాళ్లకు కొంత తిండి, కొత్తగా వచ్చేవాళ్లకు దారి!

నాకు నిద్రపట్టనివ్వనిది ఈ ఒక్క వాక్యమే. మనిషి పేగుల నుండి వచ్చిన సూక్ష్మజీవులను తెచ్చి, యాంటీబయాటిక్ మందులున్న తొట్టిలో పోసి, ప్రాణవాయువు అందిస్తూ పెంచారు. ఎవరూ దురుద్దేశంతో చేయలేదు. పుస్తకంలో ఉన్నట్లే చేశారు.

2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిం లార్సన్, అతని సహచరులు ఆ కేంద్రం నుండి బయటకు వచ్చే ‘శుద్ధి అయిన’ నీటిని పరీక్షించి ఒక పత్రం ప్రచురించారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 28 నుండి 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే గరిష్ఠ ప్రమాణం కన్నా ఇది ఎక్కువ. దినానికి సుమారు 1,500 ఘనమీటర్ల నీరు బయటకు పోయేది. లెక్క కడితే దినానికి దాదాపు 45 కిలోల మందు. మనం మందుల దుకాణంలో కొనే 500 మిల్లీగ్రాముల మాత్రల్లో చెప్పుకుంటే తొంభై వేల మాత్రలు, ప్రతి దినమూ, వాగులోకి. తొంభై లక్షల జనాభా ఉన్న స్వీడన్ దేశమంతా ఐదు దినాల్లో వాడే మందు అంత అని వారు పోల్చి చెప్పారు. 2009లో వచ్చిన మరొక పత్రం అక్కడి చెరువుల్లోనూ, ఊళ్ల బావుల్లోనూ మందుల ఆనవాళ్లను చూపింది. 2013లో ఆ శుద్ధి కేంద్రంలోని సూక్ష్మజీవులనే పట్టి పరీక్షిస్తే, నూటికి 86 రకాలు ఇరవై లేదా అంతకు మించిన యాంటీబయాటిక్‌లకు లొంగనివని తేలింది.

చట్టం ఏం చేస్తోంది అని అడగవచ్చు. చట్టం దగ్గర ఉన్నది 1912నాటి కొలబద్ద వంశానిదే. అది ప్రాణవాయువును అడుగుతుంది గాని, మందు పేరు అడగదు. పైపెచ్చు, నీటిలో సూక్ష్మజీవులను చంపే పదార్థం ఉంటే పరీక్షసీసాలోని జీవులు కూడా కుంటుపడి, బి.ఓ.డి. అంకె ఉన్నదానికన్నా తక్కువగా కనిపించే వీలుంది. విషం ఎక్కువైతే నీరు పరిశుభ్రంగా కనబడే విచిత్రమైన త్రాసు ఇది. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ ఔషధ పరిశ్రమల వ్యర్థజలంలో యాంటీబయాటిక్ అవశేషాలకు హద్దులు ప్రతిపాదిస్తూ ముసాయిదా తెచ్చింది. 2021లో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో ఆ హద్దులు లేవు. 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఈ విషయమై మార్గదర్శకాలు వెలువరించింది. అవి మార్గదర్శకాలే, చట్టం కాదు.

నక్కవాగు సంగతి చెప్పి ముగిస్తాను. పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుండి పద్దెనిమిది కిలోమీటర్ల గొట్టపుమార్గం వేసి, అక్కడి నీటిని నగరపు మురుగు కాలువలో కలిపి అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి చేర్చారు. దినానికి 33.9 కోట్ల లీటర్ల నగరపు మురుగును శుద్ధి చేసే కేంద్రం అది. అందులో పటాన్‌చెరు నీరు ఏపాటి, సముద్రంలో కాకిరెట్ట అన్నారు. నక్కవాగు మీది భారం కొంత దిగింది. కాని భౌగోళికంగా జరిగినది చూడండి. నక్కవాగు గోదావరి పరీవాహకంలోనిది. అంబర్‌పేట నీరు మూసీలోకి పోయి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. గోదావరి బిడ్డల వాటాను తీసి కృష్ణ బిడ్డల విస్తట్లో వడ్డించారన్నమాట. అంబర్‌పేట దాటిన తరువాత మూసీ ఒడ్డున ఆ నీటితోనే పశుగ్రాసం పెంచుతారు. ఆ గడ్డిని కోసి మోపులు కట్టి నగరంలోని గేదెలకు అమ్ముతారు.